ఎవరూ రాని ఫైళ్ళు

దెయ్యాలకి గడియారంతో పనిలేదు. చీకటి పడ్డాకే రావాలని వాటికెవరూ డ్యూటీ వెయ్యలేదు. ఇది జరిగింది పట్టపగలు, జనం భోజనం డబ్బాలు విప్పుకునే వేళ, కాలు పెట్టే సందు లేనంత రద్దీగా ఉండే ఓ పెద్ద ఆస్పత్రిలో.

ఆ ఆస్పత్రి కంప్యూటర్ల పాస్‌వర్డ్‌లన్నీ ఒకే ఒక్క మనిషి బుర్రలో ఉంటాయి. అందుకని ఆమెని అందరూ తాళాలమ్మ అంటారు. ముప్పై దాటిందో లేదో, అప్పుడే పేరు చివర ‘అమ్మ’ తగిలించారని మొదట్లో మూతి ముడుచుకునేది. తర్వాత పోనీలే అనుకుంది. అసలు పేరు ఇప్పుడు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించదు.

ఆ రోజు తాళాలమ్మ సెలవులో ఉంది. సెలవు పెట్టి కూడా ఆస్పత్రిలోనే ఉంది పాపం, ఆపరేషన్ థియేటర్ బయట కుర్చీలో. లోపల ఆమె తమ్ముడు. పుట్టినప్పటి నుంచీ వాడి ఒంట్లో రక్తం నిలవదు, నెల తిరిగేసరికి ఎక్కించాల్సిందే. ఆ జబ్బుకి ప్లీహం ఉబ్బిపోయి పొట్టంతా ఆక్రమించింది. తీసెయ్యక తప్పదన్నారు డాక్టర్లు. అమ్మా నాన్నా పోయాక వాణ్ణి సాకింది ఆమే. వాడికి ఆమె, ఆమెకి వాడు. మూడో మనిషి లేడు.

స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే వాడు తల తిప్పి చూశాడు.

“అక్కా, మొహం అలా పెట్టకు. నాకు భయమేస్తోంది.”

“నా మొహమే అంతరా.”

“అదీ నిజమేలే.”

“నోరు ముయ్యి. లేచాక చెప్తా నీ పని!” అంది. వాడు నవ్వుతూనే లోపలికెళ్ళాడు. తలుపు మూసుకున్నాక ఆమె కళ్ళు తుడుచుకుంది.

గంట గడిచిందో లేదో, బ్లడ్ బ్యాంకులో పనిచేసే ఆయన చెప్పులు టపటపలాడించుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

“మేడమ్, మీరు సెలవని తెలుసు. కానీ సిస్టమ్ తెరుచుకోవడం లేదు. ఆ చక్రం గిరగిరా తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది.”

“కాసేపాగి మళ్ళీ చూడండి.”

“ఆగే టైము లేదు మేడమ్,” ఆయన గొంతు తగ్గించాడు. “లోపల రక్తం బాగా పోతోందట. మీ తమ్ముడి కోసం పెట్టిన రక్తం సంచులు అడుగుతున్నారు.”

అన్నిసార్లు ఎక్కించుకున్న ఒంటికి దొరికిన రక్తమల్లా పడదు. ఎక్కడెక్కడో గాలించి, పరీక్షలు చేసి, వాడికి పడే సంచులు తెప్పించారు. అవి వందల సంచుల మధ్య ఫ్రిజ్‌లలో ఉన్నాయి. సంచుల మీద అంకెలే ఉంటాయి, ఏవి వాడివో చెప్పాల్సింది కంప్యూటరే. తెలియక వేరేది ఎక్కిస్తే, ఇక అంతే సంగతులు.

లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీద నుంచే దూకుతున్నట్టు దిగింది.

సర్వర్ గది నేలమాళిగలో ఉంటుంది. పైన ఎండ మండిపోతున్నా అక్కడికి వెలుగు రాదు. పొడుగాటి నడవలో వెలిగే ట్యూబులైటు ఒక్కటే, అదీ రెప్పలు కొట్టుకుంటూ ఉంటుంది. నడవ చివర పాత చల్లగది. పోయినవాళ్ళని, వాళ్ళ మనుషులొచ్చి తీసుకెళ్ళేదాకా ఉంచే గది. దాన్ని కొత్త భవనంలోకి మార్చేసి చాన్నాళ్ళయింది. అయినా ఫినాయిల్ వాసన వదల్లేదు. ఆ వాసన కింద ఇంకోటి కూడా ఉంది. తడిగుడ్డలు మూటగట్టి మర్చిపోతే వచ్చేలాంటి వాసన. రోజూ ముక్కు మూసుకుని దాటిపోయే తాళాలమ్మకి ఆ పూట అది కొంచెం ఎక్కువగా తోచింది. పట్టించుకునే తీరిక లేదు.

సర్వర్ గదిలోకెళ్ళి, కుర్చీ లాక్కుని, స్క్రీను ముందు కూర్చుంది.

కంప్యూటర్ గొడవ తెలియనివాళ్ళకి ఒక్కమాట చెప్పాలి. ఆస్పత్రి సమాచారమంతా ఉండేది డేటాబేస్‌లో. దాన్ని ఏదైనా అడగాలంటే ఒక కనెక్షన్ కావాలి. అడిగినప్పుడల్లా కొత్తది తయారుచేస్తూ కూర్చుంటే ఆలస్యమని, ముందే కొన్ని సిద్ధం చేసి పెడతారు. బడిలో నీళ్ళ బిందె దగ్గర గ్లాసులు పెట్టినట్టన్నమాట. తీసుకో, తాగు, మళ్ళీ అక్కడే పెట్టు. ఇరవై గ్లాసులతో బడి మొత్తం తాగొచ్చు. అదే, తీసుకున్నవాళ్ళు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోతే? బిందె నిండా నీళ్ళే ఉంటాయి, వెనకున్నవాళ్ళ గొంతులు ఎండిపోతాయి.

సరిగ్గా అదే జరిగింది. ఇరవై కనెక్షన్లూ ఎవరో పట్టుకుని ఉన్నారు. ఒక్కటీ వెనక్కి రావడం లేదు. డాక్టర్లూ నర్సులూ మందుల కొట్టూ బ్లడ్ బ్యాంకూ అందరూ వెనక వరస కట్టి ఎదురుచూస్తున్నారు.

“ఓసింతేనా!” అనుకుంది. ఇలాంటివి ఆమె బోలెడు చూసింది. పట్టుకున్నవాటిని బలవంతంగా తెంపేస్తే సరి. తెంపేసింది.

ఇరవై ఖాళీ అయ్యాయి. ఆమె ఊపిరి వదిలేలోపు మళ్ళీ నిండిపోయాయి. వెనక ఎదురుచూస్తున్నవాళ్ళతో కాదు. పోయినవే తిరిగొచ్చాయి, ఒక్కోటీ ఒక్కో పాత రోగి ఫైలు పట్టుకుని, అదే వరసలో.

మళ్ళీ తెంపింది. మళ్ళీ వచ్చాయి. మొత్తం అప్లికేషన్‌ని ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. అది పూర్తిగా లేవకముందే, అవి అక్కడున్నాయి.

గోడ మీది ఫోను మోగింది. “మేడమ్, ఇంకా చక్రమే తిరుగుతోంది. థియేటర్ వాళ్ళు అరుస్తున్నారు.”

“వస్తుంది, వస్తుంది. ఫ్రిజ్ దగ్గరే ఉండండి,” అని పెట్టేసింది.

ఇక చివరి ఉపాయం. గ్లాసుల సంఖ్య పెంచెయ్యడం. అది వైద్యం కాదు, పైపూత. ఆ సంగతి ఆమెకి తెలుసు. కొత్తగా చేరినవాళ్ళెవరైనా ఆ పని చేస్తే నాలుగు చీవాట్లు పెట్టేది కూడా. కానీ ఇప్పుడు ఒక్క నిమిషం తెరుచుకుంటే చాలు, తమ్ముడు బతుకుతాడు. ఇరవైని నలభై చేసింది.

కొత్త ఇరవై రెప్పపాటులో నిండిపోయాయి.

ఈసారి వచ్చినవి ఇంకా పాత ఫైళ్ళు. కొన్ని ఆమె ఉద్యోగంలో చేరకముందువి. ఎప్పుడు చోటు దొరుకుతుందా అని బయట కాచుకుని కూర్చున్నట్టు, ఇలా తలుపు తీయగానే అలా లోపలికొచ్చేశాయి. ఎంత చోటిస్తే అంతమంది వస్తారని ఆమెకి అర్థమైంది.

ఎవరు వీళ్ళు? ఎక్కడి నుంచి వస్తున్నారు?

వెతికింది. నలభై కనెక్షన్లూ ఒకే కంప్యూటర్ నుంచి వస్తున్నాయి. చల్లగదిలోది.

ఎవడో ఆకతాయి అక్కడ కూర్చుని ఆడుకుంటున్నాడని ఒళ్ళు మండిపోయింది. కోపమే నయం, భయం కన్నా. లేచి నడవలోకొచ్చి, “ఎవర్రా అక్కడ?” అని కేకేసింది. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుంది. సెల్‌ఫోను లైటు వేసుకుని నడవ చివరిదాకా వెళ్ళి, తలుపు తోసింది.

ఖాళీ గది. గోడల పొడుగునా ఇనప అరలు. మూల ఒక బల్ల, దాని మీద పాత కంప్యూటర్. దాని వైరు చుట్టచుట్టి పైన పెట్టి ఉంది. ప్లగ్గు గాలిలో వేలాడుతోంది.

ఆమె ప్లగ్గుని వేలితో తాకి చూసింది. తర్వాత, ఎందుకో తనకే తెలియకుండా, స్క్రీను మీద అరచెయ్యి పెట్టింది.

వెచ్చగా ఉంది.

ఎలా వెనక్కి వచ్చిందో తెలీదు. సర్వర్ గది తలుపు వేసుకుని, వీపు ఆనించి నిలబడింది. పారిపోవాలని ఉంది. కాళ్ళు పారిపోదామంటున్నాయి కూడా. కానీ పైన తమ్ముడున్నాడు.

కూర్చుంది. ఇందాకటి నుంచీ తెంపడమే తప్ప, అసలు వాళ్ళు ఏం అడుగుతున్నారో చూడలేదు. ఇప్పుడు చూసింది.

నలభై మందీ అడుగుతున్నది ఒకటే ప్రశ్న.

ఈ ఫైలు మనిషి కోసం ఎవరైనా వచ్చారా?

ఎవరూ లేరు అని జవాబు. మళ్ళీ అదే ప్రశ్న. ఎవరైనా వచ్చారా? లేరు. ఎవరైనా వచ్చారా? లేరు… ఎవరైనా వచ్చారా…

తలుపు కిర్రుమంది. ఆమె కెవ్వున అరిచింది.

“నేనేనమ్మాయ్, నేనే!” అంటూ పెద్ద సిస్టర్ లోపలికొచ్చింది. ఆస్పత్రిలో అందరికన్నా పాత నర్సు, ఇంకో ఏడాదిలో రిటైరవుతుంది. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగి ఆయాసపడుతోంది. “థియేటర్ నుంచి పంపారు నన్ను. ఎంతసేపు పడుతుందో కనుక్కు రమ్మన్నారు. ఏమైందే, మొహమంతా పాలిపోయింది?”

తాళాలమ్మ వేలు పెట్టి స్క్రీను చూపించింది. పెద్ద సిస్టర్ కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వంగింది. ఒక ఫైలు పేరు చదివింది, ఇంకోటి చదివింది.

“వీళ్ళు… వీళ్ళంతా పోయినవాళ్ళే.”

“తెలుసు సిస్టర్.”

“వీళ్ళ కోసం ఎవరూ రాలేదు,” అంది పెద్ద సిస్టర్, ఇంకా నెమ్మదిగా. “మాకో పద్ధతి ఉండేది. మనిషి పోయాక, వాళ్ళ తాలూకు ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళేదాకా కింద ఆ కంప్యూటర్లో ఫైలు మూసేవాళ్ళం కాదు. పేరు వెలుగుతూ ఉండాలి. లేకపోతే చీకట్లో వాళ్ళని ఒంటరిగా వదిలేసినట్టుంటుందని. కాసేపటికి దానంతటదే ఆరిపోతుంటే, నీ ముందు పనిచేసిన ఇంజినీరు పిల్లాణ్ణి బతిమాలి, ఆరకుండా చేయించుకున్నాం. మంచివాడు, కాదనలేదు.”

అదీ సంగతి. ఎవరు గ్లాసు పట్టుకుని ఎక్కువసేపు నిలబడ్డా వ్యవస్థ లాగేసుకుంటుంది. ఆ ఒక్క కంప్యూటర్ జోలికి మాత్రం వెళ్ళదు. నర్సుల కన్నీళ్ళు చూసి ఆ పిల్లాడు రాసిన మినహాయింపు అది.

“మరి ఇన్నాళ్ళూ లేనిది ఇవాళెందుకు వచ్చారు?” పెద్ద సిస్టర్ గుసగుసగా అడిగింది.

తాళాలమ్మ తల దించుకుంది. “నిన్న… పైవాళ్ళు పాత ఫైళ్ళన్నీ శుభ్రం చెయ్యమన్నారు. ఎవరూ రాని ఫైళ్ళన్నీ మూసేశాను.”

“ఎవరూ రాకుండానే?”

“ఒకే ఒక్క కమాండ్ సిస్టర్. ఒక్క క్షణం పట్టింది.”

“ఎంత పని చేశావే తల్లీ!”

ఫోను మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఈసారి బ్లడ్ బ్యాంకాయన గొంతు వణుకుతోంది. “మేడమ్… బీపీ పడిపోతోందట.”

ఆమె ఏడవలేదు. ఏడవడానికి కూడా టైము లేదు. ఎవరో ఒకరు వచ్చారని రాస్తే ఫైలు మూసుకుంటుంది, కనెక్షన్ వెనక్కొస్తుంది. వచ్చినవాళ్ళ పేరు రాయాలి, పోయినవాళ్ళకి ఏమవుతారో ఆ వరస రాయాలి. అంతే కదా! నలభైకీ కలిపి ఒకే కమాండ్ రాయబోయింది.

పెద్ద సిస్టర్ ఆమె మణికట్టు పట్టుకుంది. “నిన్నా అలాగే చేశావు. ఒక్కొక్కళ్ళనీ విడిగా పిలువు.”

సరేనంది. మొదటి ఫైలు తెరిచింది. వచ్చినవారు అన్న చోట తన పేరు రాసింది. వరస… ఏం రాయాలి? ఆమెకి లోకంలో ఉన్న వరస ఒక్కటే. అక్క అని రాసింది.

ప్రశ్న ఆగిపోయింది.

ఫ్యాన్ల హోరు మధ్య, ఆమె చెవి వెనక, చాలా దగ్గరగా… “వచ్చావా?”

ఆమె వెనక్కి తిరగలేదు. మెడ మీద చల్లటి గాలి తగిలింది. నేల మీద తడికాళ్ళ చప్పుడు. చప్ చప్ మంటూ తలుపు దాకా వెళ్ళింది. తలుపు తెరుచుకోలేదు. చప్పుడు మాత్రం అవతల నడవలో వినిపించింది. తర్వాత మెట్ల మీద.

ఒక కనెక్షన్ వెనక్కి వచ్చింది. ఈసారి దాన్ని వాళ్ళలో ఇంకెవరూ పట్టుకోలేదు.

“కానియ్యి,” అంది పెద్ద సిస్టర్, కళ్ళు గట్టిగా మూసుకుని. “ఆపకు.”

రెండో ఫైలు. అక్క. “వచ్చావా?” మూడోది. అక్క. వయసు చూడలేదు, ఆడో మగో చూడలేదు, చూస్తే చెయ్యి ఆగిపోతుందని భయం. అక్క. అక్క. అక్క. ప్రతిసారీ అదే గుసగుస, ఒకసారి ముసలి గొంతు, ఒకసారి పసిగొంతు. కొందరు ఏమీ అనలేదు. ముక్కు ఎగబీల్చారంతే. గది చల్లబడుతూ వచ్చింది, నోట్లోంచి ఆవిరి రావడం మొదలైంది. తడికాళ్ళు ఒకదాని వెనక ఒకటి మెట్లెక్కుతూనే ఉన్నాయి.

సగంలో ఫోను మోగింది. “తెరుచుకుంది మేడమ్! సంచులు దొరికాయి, పంపించేశాను!”

అప్పుడు ఏడ్చింది తాళాలమ్మ. ఏడుస్తూనే మిగతావీ పూర్తి చేసింది. చివరిది మూసుకున్నాక తడిగుడ్డ వాసన కూడా పోయింది. గది మామూలైంది. ఆ మినహాయింపు తీసెయ్యాలని వేళ్ళు వెళ్ళాయి గానీ, పెద్ద సిస్టర్ వైపు చూసి ఊరుకుంది.

“మంచిపని చేశావు,” అంది పెద్ద సిస్టర్. కానీ ఆమె చూపు మెట్ల వైపే ఉంది. “వాళ్ళు పైకి ఎందుకు వెళ్ళారంటావ్?” అని మాత్రం అడిగింది.

తమ్ముడు బతికాడు. గండం గట్టెక్కిందని సర్జన్ స్వయంగా వచ్చి చెప్పాడు. ఆమె ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు. పొద్దు వాలుతుండగా వాణ్ణి గదిలోకి మార్చారు. పక్కన కుర్చీ వేసుకుని వాడి నుదురు నిమురుతూ కూర్చుంది. కింద జరిగిందంతా ఎప్పుడో కన్న పీడకలలా అనిపించింది ఆమెకి.

వాడు సగం కళ్ళు తెరిచాడు. పెదాలు తడిపితే చప్పరించాడు.

“అక్కా… మనకి ఇంతమంది చుట్టాలున్నారని ఎప్పుడూ చెప్పలేదేం?”

ఆమె చెయ్యి ఆగిపోయింది.

“మత్తులో ఏదేదో కనిపిస్తుందిరా. పడుకో.”

“నా చుట్టూ నిలబడ్డారు. డాక్టర్ల వెనక. మీ అక్క మాకూ అక్కేనన్నారు.” వాడు అలసటగా నవ్వాడు. “మంచివాళ్ళే అక్కా. ఇల్లెక్కడని అడిగారు. చెప్పాను.”

“ఎందుకు చెప్పావురా?” ఆమె గొంతు కీచుమంది.

“అడిగారుగా మరి.”

ఆమె సెల్‌ఫోను మోగింది. వాళ్ళు అద్దెకుండే ఇంటి ఓనరమ్మ. కింద వాటాలో ఉంటుంది, మనిషి మంచిదే కానీ నోరు పెద్దది.

“ఏమ్మాయ్, తమ్ముడికెలా ఉంది? గట్టెక్కాడా? హమ్మయ్య! అది సరేగానీ, ఇదేం బాగాలేదమ్మా. చుట్టాలొస్తున్నారని ఒక్కమాట చెప్పొద్దూ? మీ వాటా నిండా జనం. తాళం ఎవరిచ్చారో! తలుపు తడితే ఒకావిడ తీసింది. నాకన్నా పెద్దావిడ, తల ముగ్గుబుట్ట. ‘మా అక్క ఇంకా రాలేదండీ’ అంటుంది! నువ్వు ఆవిడకి అక్కేమిటే, విడ్డూరం కాకపోతే?”

తాళాలమ్మ తమ్ముడి వైపు చూసింది.

“ఆ పడుకోవడమేమిటో కూడా! ఇంకా దీపాలు పెట్టే వేళైనా కాలేదు, గోడ నుంచి గోడ దాకా వరసగా ముసుగులు తన్ని పడుకున్నారు. కిటికీలన్నీ బార్లా తెరిచి, ఫ్యాన్లన్నీ వేసేసి, గదంతా మంచుగడ్డ చేసిపెట్టారు. మధ్యలో ఒక మనిషికి చోటు వదిలారు. ఎవరికమ్మా అంటే తమ్ముడికట. వింటున్నావా? అమ్మాయ్?”

ఫోను ఆమె ఒళ్ళో పడిపోయింది. అందులోంచి ఓనరమ్మ ‘హలో, హలో’ అంటూనే ఉంది. తాళాలమ్మ తమ్ముడి చెయ్యి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

“నువ్వు ఇంటికి రావొద్దురా. మనం ఇక్కడే ఉందాం. ఎన్నాళ్ళైనా సరే, ఇక్కడే ఉందాం.”

“పర్లేదక్కా,” అన్నాడు వాడు. కళ్ళు మళ్ళీ మూతలు పడుతున్నాయి. “మేం రాకపోతే ఎలా అని అడిగానులే. వాళ్ళే వచ్చి తీసుకెళ్తామన్నారు. ఇక్కడి పద్ధతి వాళ్ళకి తెలుసట.”

అలా అంటూనే, కుట్లు లాగుతున్నాయని మూలుగుతూ, వాడు మంచం మీద మెల్లగా ఒక పక్కకి జరిగాడు. రెండో పక్కన పరుపు కొద్దిగా కిందికి కుంగింది.